ఏడో నిమిషం

బంకమట్టి గాడిద. ఎడమ చెవి సగం తెగి ఉండేది.
మెడలో తోలుసంచి, సంచిలో రోజుకో ఉత్తరం.
పేరు తూతా. మా దగ్గర అంటే మల్బరీ పండు.
సాయంత్రం ఏడుంబావుకి బయల్దేరి
కొండ దిగి, వాగు దాటి,
ఏడో నిమిషంలో ఎవరిదో తలుపు తట్టేది.

ఏడో నిమిషంలోనే మా బ్యాటరీ చచ్చిపోయేది.

ఆ చలికాలం కుతైసీలో కరెంటు
చుట్టంచూపుగా వచ్చి పోయేది.
నాన్న లారీల ఫ్యాక్టరీ గేటుకి గొలుసు పడింది.
ఆర్నెల్ల జీతం బాకీ కింద ఇచ్చిన లారీ బ్యాటరీని
ఐదంతస్తులు వీపున మోసుకొచ్చి
చిన్న టీవీకి తగిలించాడు.
"ఏడు నిమిషాలు లాగుతుంది," అన్నాడు.
ఆ వారమంతా ఆయన మాట్లాడింది అంతే.

మెట్లవారి పిల్లలందరం మా ఇంట్లోనే,
కోట్లు విప్పకుండా, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం.
తూతా తలుపు తట్టేది. తలుపు తెరుచుకునేది.
ఉత్తరం విప్పేవాళ్ళు, చదవబోయేవాళ్ళు,
తెర మధ్యలో ఆవగింజంత వెలుగు
కాసేపు మమ్మల్నే చూసి
అదీ పోయేది.

అప్పుడు చీకట్లోంచి గాడిద గొంతు.
బొంగురుగా, కొంచెం నత్తిగా,
"ఉ... ఉత్తరంలో ఏముందంటే..."
పగలంతా రొట్టె క్యూలో పళ్ళు బిగించి నిలబడ్డ మనిషి
రాత్రి గాడిదై నోరు తెరిచేవాడు.
అమ్మ నవ్వాపుకోలేక
ఆరిపోయిన స్టవ్వునే ఊదుతూ కూర్చునేది.

మా ఇంటి ముగింపు మాది.
పిల్లలు గోడ తడుముకుంటూ మెట్లు దిగి
వాళ్ళ వాళ్ళ అమ్మల్ని మళ్ళీ అడిగేవాళ్ళు.
రెండో అంతస్తు లామారా ఇంట్లో ఎప్పుడూ తిండి పార్సిల్ వచ్చేది.
మూడో అంతస్తు నోదర్ ఇంట్లో మాత్రం
ఉత్తరం మేకకి రానీ, ఎలుగుబంటికి రానీ,
ఒకటే వాక్యం:
సుఖుమీ నుంచి నడిచి వస్తున్నాను, కంగారు పడకండి.
వాళ్ళ నాన్న యుద్ధానికి వెళ్ళి అప్పటికి ఏడాది.

ఇప్పుడు మా ఈడువాళ్ళకి నలభై దాటాయి.
ఎవరైనా మాట మధ్యలో ఆపితే చాలు,
మిగతాది మేమే చెప్పేస్తాం.
బ్యాంకులో, డాక్టరు దగ్గర, ఆఖరికి విడాకుల కోర్టులో కూడా.
కట్టుకున్నవాళ్ళు దీన్ని జబ్బంటారు.
అయ్యుండొచ్చు.

మొన్న మా కేతో ఫోనులో తూతా దొరికింది.
డెబ్బై రెండు భాగాలూ, ఎనిమిదేసి నిమిషాలు, పూర్తిగా.
"ఉత్తరంలో ఏముంది?" పక్కన చేరి అడిగాను.
"గొడుగు తిరిగిచ్చెయ్యమంట."
ఇంకోదాంట్లో?
"మీ కోడి మా తోటలో గుడ్డు పెట్టిందంట."
నవ్వి, ఆపిల్ కొరికి, తర్వాతది నొక్కింది.

"మరి గాడిద నత్తిగా మాట్లాడుతుందిగా?"
"అమ్మా, గాడిద అసలు మాట్లాడదు."
నేను నమ్మలేదు.
వరసగా పదకొండు చూశాను.
తూతా నడుస్తుంది, తల ఊపుతుంది, తోక ఆడిస్తుంది.
ఒక్క మాట లేదు.
కిటికీ దగ్గర కుర్చీలో నాన్న
చెవి మిషను తీసి ఒళ్ళో పెట్టుకుని
నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నట్టున్నాడు.

రాత్రి నోదర్‌కి ఫోన్ చేశాను.
బతూమీలో లిఫ్టులు బాగుచేస్తాడు ఇప్పుడు.
"దొరికింది, మొత్తం. చివరి నిమిషాలతో సహా.
పంపనా?"
అవతల ఏదో ఇనప తలుపు మూసిన చప్పుడు.
వాడి మాట పూర్తిచెయ్యకుండా
మొదటిసారి ఆగాను.

"వద్దులే," అన్నాడు.
"మా ఇంట్లో అది చదివేశాం."